ఒక్క పౌండుకు అమ్ముడుపోయిన బట్టల కొట్టు

పండగ దగ్గర పడిందంటే బట్టల కొట్లు కళకళలాడతాయి. పట్నం వెళ్తాం. కొట్టులో కూర్చుంటాం. ఒక అమ్మాయి చీరలు తీసి చూపిస్తుంది. "ఇది చూడమ్మా, ఈ అంచు చూడమ్మా" అంటూ ఇరవై చీరలు విప్పుతుంది. మనం ఒకటి కొంటాం. మిగిలిన పందొమ్మిదీ ఆ అమ్మాయే మడత పెట్టుకుంటుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటుంది. నెల తిరిగితే జీతం వస్తుంది. ఆ జీతంతో ఒక ఇల్లు నడుస్తుంది.

ఒక రోజు ఆ అమ్మాయి పనికి వస్తే షట్టరు మూసి ఉందనుకుందాం. తాళం వేలాడుతోంది. "కొట్టు ఎత్తేశారు" అన్నారు పక్క కొట్టు వాళ్ళు.

యజమానికి నష్టం వచ్చింది, నిజమే. మరి ఆ అమ్మాయి సంగతి ఏమిటి? ఈ నెల జీతం ఎవరిస్తారు? ఇన్నేళ్ళూ జీతంలోంచి పట్టుకున్న డబ్బు ఎక్కడుంది?

చిన్న కొట్టుకే ఇన్ని ప్రశ్నలు వచ్చాయి. 11 వేల మంది పనిచేసే కొట్టు మూతపడితే ఎలా ఉంటుంది? ఇంగ్లండు దేశంలో అలాగే జరిగింది. ఆ కథ తెలుసుకుందాం. అది మనకు కూడా పనికివస్తుంది.

కొట్టు పుట్టింది

1928వ సంవత్సరం. లండన్ నగరంలో బ్రిక్స్‌టన్ అనే పేట ఉంది. అక్కడ ఒక కొత్త కొట్టు తెరిచారు. దాని పేరు బ్రిటిష్ హోమ్ స్టోర్స్. జనం దాన్ని పొట్టిగా బి.హెచ్.ఎస్. అని పిలిచేవాళ్ళు. మొదట్లో అక్కడ ఏ వస్తువైనా ఒక షిల్లింగు దాటేది కాదు. షిల్లింగు అంటే అప్పటి ఇంగ్లండు చిల్లర నాణెం. పేద ఇళ్ళ వాళ్ళు, మధ్యతరగతి వాళ్ళు అక్కడ కొనుక్కునేవాళ్ళు.

కొట్టు పెరిగింది. ఊరూరా శాఖలు వెలిశాయి. ఆడవాళ్ళ బట్టలు, పిల్లల బట్టలు, దుప్పట్లు, దీపాలు అన్నీ అమ్మేవాళ్ళు. చాలా కొట్లలో టీ తాగడానికి, అన్నం తినడానికి హోటలు కూడా ఉండేది. చివరి రోజుల్లో మొత్తం 164 కొట్లు ఉన్నాయి. 11 వేల మంది పనిచేసేవాళ్ళు. చిన్న వయసులో చేరి, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉన్నారు.

లాభం వచ్చిన రోజులు

2000లో ఫిలిప్ గ్రీన్ అనే పెద్ద వ్యాపారి ఈ కంపెనీని 20 కోట్ల పౌండ్లకు కొన్నాడు. పౌండు అంటే ఇంగ్లండు డబ్బు. కొట్టు మూతపడిన 2016లో ఒక పౌండు అంటే మన డబ్బుల్లో సుమారు 90 రూపాయలు.

మొదటి కొన్నేళ్ళు కంపెనీకి మంచి లాభాలు వచ్చాయి. 2002 నుంచి 2004 వరకు మూడేళ్ళలో వాటాదారులు 40 కోట్ల పౌండ్లకు పైగా లాభం పంచుకున్నారు. అందులో ఎక్కువ భాగం గ్రీన్ కుటుంబానికి వెళ్ళింది. కంపెనీ సొంత భవనాలు కొన్ని ఉండేవి. వాటిని ఆ కుటుంబానికే చెందిన ఇంకో కంపెనీకి అమ్మారు. మళ్ళీ ఆ భవనాల్లోనే అద్దెకు ఉన్నారు.

లాభం వచ్చినప్పుడు పంచుకోవడం చట్టంలో తప్పు కాదు. కాని రైతుకు ఒక సంగతి తెలుసు. పంట బాగా పండిన ఏడు గింజలన్నీ అమ్ముకోకూడదు. వచ్చే ఏడాదికి విత్తనం మిగుల్చుకోవాలి. దుకాణానికి కూడా విత్తనం కావాలి. కొట్లు బాగు చేయాలి. కొత్త సరుకు తేవాలి. పనివాళ్ళ పింఛను నిధి నింపాలి.

కొట్టు ఎందుకు నీరసించింది?

కాలం మారింది. ఇంగ్లండులో ఇంకా చవకగా బట్టలు అమ్మే కొట్లు వచ్చాయి. పడుచువాళ్ళు కొత్త ఫ్యాషన్ల వైపు వెళ్ళారు. కూరగాయలు, సరుకులు అమ్మే పెద్ద బజార్లలోనే బట్టలు కూడా దొరకసాగాయి. తరువాత కంప్యూటరులో, ఫోనులో చూసి ఇంటికే తెప్పించుకోవడం మొదలైంది.

బి.హెచ్.ఎస్. కొట్లు మాత్రం పాతబడిపోయాయి. జనం రావడం తగ్గింది. జనం రాకపోయినా అద్దె ఆగదు. కరెంటు బిల్లు ఆగదు. జీతాలు ఆగవు. అప్పు మీద వడ్డీ ఆగదు. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. చివరి ఏళ్ళన్నీ నష్టాలే.

ఒక్క పౌండు బేరం

2015 మార్చిలో ఒక వింత జరిగింది. ఫిలిప్ గ్రీన్ ఈ కంపెనీని అమ్మేశాడు. ఎంతకు? ఒక్క పౌండుకు!

"ఇదేం చోద్యం! అన్ని కొట్లు ఒక్క పౌండుకా?" అని మీరు అడుగుతారు.

అవును. ఎందుకంటే కొన్నవాడు కొట్లను ఒక్కటే కొనలేదు. వాటితోపాటు బాధ్యతలను కూడా నెత్తిన వేసుకున్నాడు. అప్పులు తీర్చాలి. అద్దెలు కట్టాలి. జీతాలు ఇవ్వాలి. పింఛను నిధిలో లోటు పూడ్చాలి. చూడడానికి ఇల్లు పెద్దదే. కాని ఇంటి మీద ఉన్న అప్పు ఇంటి విలువ కంటే పెద్దదైతే, ఆ ఇంటికి ధర పలుకుతుందా?

కొన్న సంస్థకు పెద్ద డొమినిక్ చాపెల్ అనే మనిషి. అతనికి ఇలాంటి కొట్లు నడిపిన అనుభవం లేదు. అంతకు ముందు దివాలా తీసినవాడు కూడా. అలాంటి మనిషి చేతిలో 11 వేల కుటుంబాల బతుకు పెట్టారు. పనిచేసేవాళ్ళను ఎవరూ అడగలేదు.

మూతపడిన రోజు

కొత్త యజమాని చేతిలో కొట్టు ఏడాదికి కాస్త ఎక్కువ కాలం నడిచింది. 2016 మార్చిలో భవనాల యజమానులు చాలా కొట్లకు అద్దె తగ్గించడానికి ఒప్పుకున్నారు. అయినా డబ్బు చాలలేదు.

2016 ఏప్రిల్ 25న కంపెనీ "ఇక అప్పులు తీర్చలేం" అని చేతులెత్తేసింది. ఇలా జరిగినప్పుడు ఇంగ్లండు చట్టం ప్రకారం బయటి నిర్వాహకులు వస్తారు. కంపెనీ తాళాలు వాళ్ళ చేతికి వెళ్తాయి. కొనేవాళ్ళ కోసం వాళ్ళు వెతికారు. కొందరు ముందుకు వచ్చారు. బేరం కుదరలేదు. జూన్ 2న కొట్లన్నీ మూసేస్తామని ప్రకటించారు.

తరువాత ఆఖరి అమ్మకాలు మొదలయ్యాయి. గోడల నిండా "అన్నీ అమ్మేస్తున్నాం" అని కాగితాలు అంటించారు. చవకగా వస్తుందని జనం ఎగబడ్డారు. బట్టలు అయిపోయాక అరలు, బట్టలు తొడిగే బొమ్మలు కూడా అమ్మకానికి పెట్టారు. అవన్నీ అమ్మింది ఎవరు? ఉద్యోగం పోతున్న ఆ పనివాళ్ళే. తమ కొట్టును తామే ఖాళీ చేశారు.

2016 ఆగస్టు 28న చివరి 22 కొట్లు మూతపడ్డాయి. 88 ఏళ్ళ కొట్టు కథ ముగిసింది.

పరిహారం ఎవరిచ్చారు?

ఇంగ్లండులో ఒక చట్టం ఉంది. కనీసం రెండేళ్ళు పనిచేసిన మనిషికి పని పోతే పరిహారం ఇవ్వాలి. 22 నుంచి 40 ఏళ్ళ వయసులో చేసిన ప్రతి ఏడాదికీ ఒక వారం జీతం. 41 ఏళ్ళు వచ్చాక చేసిన ప్రతి ఏడాదికీ వారంన్నర జీతం. దీనికి ఒక గరిష్ఠ హద్దు కూడా ఉంది. 20 ఏళ్ళ సర్వీసు దాకానే లెక్క కడతారు.

కంపెనీ దివాలా తీస్తే ఈ పరిహారం సర్కారు ఇస్తుంది. అది పనివాళ్ళూ యజమానులూ నెలనెలా కట్టే జాతీయ బీమా నిధి నుంచి వస్తుంది. అందుకే పనివాళ్ళు పూర్తిగా ఉత్త చేతులతో మిగలలేదు. కాని వారం జీతాల లెక్కతో వచ్చే డబ్బు ఎన్నాళ్ళు వస్తుంది? యాభై ఏళ్ళు దాటిన మనిషికి కొత్త పని దొరకడం ఏ దేశంలోనైనా కష్టమే.

గాదెలో ఎంత ఉంది?

అసలు పెద్ద దెబ్బ పింఛను దగ్గర తగిలింది.

బి.హెచ్.ఎస్.లో పింఛను నిధి ఉండేది. ముసలితనంలో నెలనెలా ఇంత ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. అది ధాన్యం గాదె లాంటిది. పనిచేసే రోజుల్లో గింజలు పోస్తారు. పని మానేశాక తీసుకుని తింటారు. సుమారు 20 వేల మంది ఆ గాదె మీద ఆశ పెట్టుకున్నారు. వాళ్ళలో పాత ఉద్యోగులు కూడా ఉన్నారు.

2000లో గ్రీన్ కంపెనీని కొన్నప్పుడు ఆ నిధిలో కావలసిన దానికంటే ఎక్కువే ఉంది. 4 కోట్ల పౌండ్లకు పైగా మిగులు ఉంది. 2016 నాటికి 57 కోట్ల పౌండ్ల లోటు పడింది. మిగులు పోయి లోటు ఎలా వచ్చింది? జనం ఎక్కువ కాలం బతుకుతున్నారు, కాబట్టి ఎక్కువ ఏళ్ళు పింఛను ఇవ్వాలి. నిధి మీద వచ్చే రాబడి తగ్గింది. ఆ తేడా పూడ్చడానికి కంపెనీ పోయవలసినంత డబ్బు పోయలేదు. గాదె బయటినుంచి చూస్తే నిండుగానే కనిపిస్తుంది. మూత తీసి చూస్తేనే లోతు తెలుస్తుంది.

దివాలా తీసిన కంపెనీల పింఛనుదారులను ఆదుకోవడానికి ఇంగ్లండులో ఒక రక్షణ నిధి ఉంది. కాని ఆ నిధి కిందికి వెళ్తే, ఇంకా రిటైరు వయసు రాని వాళ్ళకు సుమారు పదో వంతు కోత పడుతుంది. నూరు వస్తుందనుకున్న చోట తొంభై వస్తుంది. ఏటా పెరిగే పెంపు కూడా తగ్గుతుంది.

జనం అడిగారు

పనివాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళ సంఘం గట్టిగా అడిగింది. పత్రికలు రాశాయి. ఇంగ్లండు పార్లమెంటులో రెండు కమిటీలు కలిసి విచారణ జరిపాయి. ఫిలిప్ గ్రీన్‌ను, డొమినిక్ చాపెల్‌ను పిలిచి అందరి ముందూ ప్రశ్నలు వేశాయి. 2016 జూలైలో వచ్చిన నివేదిక వాళ్ళను గట్టిగా తప్పుపట్టింది.

పింఛన్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ కూడా రంగంలోకి దిగింది. చివరికి 2017 ఫిబ్రవరిలో ఫిలిప్ గ్రీన్ 36 కోట్ల 30 లక్షల పౌండ్లు పింఛన్ల కోసం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. రక్షణ నిధి ఇచ్చేదానికంటే మెరుగైన పింఛను వచ్చింది. కాని మొదట మాట ఇచ్చినదంతా రాలేదు.

చాపెల్ మీద కేసులు నడిచాయి. 2020లో పన్ను ఎగ్గొట్టినందుకు ఆరేళ్ళ జైలు శిక్ష పడింది. 2024లో లండన్ హైకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. కంపెనీ మునగడం ఖాయమని 2015 సెప్టెంబరు నాటికే డైరెక్టర్లకు తెలిసి ఉండాలని, అయినా నడిపించారని తప్పు పట్టింది. చాపెల్‌నూ, మరి ఇద్దరు డైరెక్టర్లనూ డబ్బు కట్టమంది.

అడిగారు కాబట్టి పింఛన్లు చాలావరకు నిలబడ్డాయి. ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు.

బి.హెచ్.ఎస్. ఒక్కటే కాదు. 2020 నవంబరులో ఫిలిప్ గ్రీన్‌దే ఇంకో పెద్ద బట్టల కంపెనీ ఆర్కేడియా కుప్పకూలింది. దాంట్లో సుమారు 13 వేల మంది పనిచేసేవాళ్ళు. 1778 నాటి డెబెన్‌హామ్స్ కొట్లు 2021 మేలో మూతపడ్డాయి. ఫోనులో బట్టలు అమ్మే ఒక కంపెనీ డెబెన్‌హామ్స్ పేరును కొనుక్కుంది. కొట్లను కొనలేదు. పేరుకు ధర పలికింది. పనివాళ్ళకు పని మిగల్లేదు.

మన సంగతి ఏమిటి?

మన ఊళ్ళ నుంచి ఎంతోమంది ఆడపిల్లలు పట్నాల్లో బట్టల కొట్లలో పనిచేస్తున్నారు. కొట్టు ఎప్పుడు మూతపడుతుందో మన చేతిలో లేదు. మన డబ్బు ఎక్కడుందో చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. కొట్టు నడుస్తున్నప్పుడే చూసుకోవాలి. మూతపడ్డాక అడగడానికి మనిషి దొరకడు.

పి.ఎఫ్.: 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పి.ఎఫ్. ఉంటుంది. సాధారణంగా మూల వేతనం, కరువు భత్యం కలిపి నూటికి 12 రూపాయలు మన జీతంలోంచి పట్టుకుంటారు. యజమాని కూడా అంతే వేయాలి. ఆ జీతం 10,000 రూపాయలైతే మనది 1,200, యజమానిది 1,200. ఈ డబ్బు కొట్టు గల్లాపెట్టెలో ఉండదు. ప్రభుత్వ పి.ఎఫ్. సంస్థలో ఉంటుంది. కాబట్టి కొట్టు దివాలా తీసినా అక్కడ జమ అయిన డబ్బు పోదు.

కాని ఒక మెలిక ఉంది. జీతంలో పట్టుకుని, పి.ఎఫ్. సంస్థకు కట్టని యజమానులు ఉంటారు. అది నేరం. కట్టారో లేదో మనమే చూసుకోవాలి. ప్రతి ఉద్యోగికీ 12 అంకెల యు.ఎ.ఎన్. నంబరు ఉంటుంది. దానికి మన ఫోను నంబరు జత చేయించుకోవాలి. ఆ ఫోను నుంచి 99660 44425 నంబరుకు మిస్‌డ్ కాల్ ఇస్తే ఎంత జమ అయిందో సందేశం వస్తుంది. ఆ అంకెలు మనమే చదువుకోవచ్చు. చదువు నేర్చుకున్నది ఇందుకే కదా!

గ్రాట్యుటీ: 10 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. పర్మినెంటు పనివాళ్ళు ఐదేళ్ళు నిండాక పని మానినా, పని పోయినా ఇవ్వాలి. ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం. నెలకు 26 పనిదినాల లెక్క వేస్తారు.

ఇలా లెక్క కట్టాలి. నెల జీతం 13,000 రూపాయలు. 26తో భాగిస్తే రోజుకు 500. 15 రోజులకు 7,500. ఎనిమిదేళ్ళు పనిచేస్తే 7,500 ఇంటూ 8, అంటే 60,000 రూపాయలు.

గ్రాట్యుటీ ఇవ్వవలసింది యజమాని. కొట్టు చితికిపోతే ఈ డబ్బు రావడం కష్టమవుతుంది. మనం ఫలానా తేదీన చేరామని కాగితం లేకపోతే ఇంకా కష్టం. అందుకని ఈ నాలుగూ ఇంట్లో ఒక సంచిలో దాచుకోవాలి:

1. పనిలో చేర్చుకున్న కాగితం.
2. నెలనెలా ఇచ్చే జీతం చీటీ.
3. కొట్టు వాళ్ళు ఇచ్చిన గుర్తింపు కార్డు.
4. జీతం పడే బ్యాంకు పాసుపుస్తకం.

జీతం చేతికి ఇస్తే ఒక నోటుపుస్తకంలో తేదీ, డబ్బు రాసుకోవాలి. జీతం గానీ, గ్రాట్యుటీ గానీ ఎగ్గొడితే కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ పెట్టాలి. ఒక్కరు వెళ్తే "రేపు రా" అంటారు. పదిమంది కలిసి వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

బి.హెచ్.ఎస్. పనివాళ్ళు 164 కొట్లలో చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళు. అయినా ఒక్క మాట మీద నిలబడి అడిగారు. ఎవరి చేత కట్టించాలో వాళ్ళ చేత కట్టించారు. ఈసారి పండగకు బట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు, చీరలు చూపించే ఆ అమ్మాయిని ఒక్క మాట అడగండి: "అమ్మా, నీకు పి.ఎఫ్. కడుతున్నారా? ఎప్పుడైనా చూసుకున్నావా?"

కొత్త మాటలు

దివాలా : అప్పులు తీర్చలేని స్థితి
వాటాదారు : కంపెనీలో భాగం ఉన్న మనిషి
మిగులు : కావలసిన దానికంటే ఎక్కువ ఉండడం
లోటు : కావలసిన దానికంటే తక్కువ ఉండడం
పరిహారం : నష్టానికి బదులుగా ఇచ్చే డబ్బు

జవాబులు రాయండి

1. బి.హెచ్.ఎస్. మొదటి కొట్టు ఎప్పుడు, ఎక్కడ తెరిచారు?
2. కంపెనీని ఒక్క పౌండుకు ఎందుకు అమ్మారు?
3. పింఛను నిధిలో లోటు ఎలా వచ్చింది?
4. ఒక అమ్మాయి జీతం నెలకు 15,600 రూపాయలు. ఆరేళ్ళు పనిచేసింది. ఆమెకు గ్రాట్యుటీ ఎంత రావాలి?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ కొట్లలో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళ దగ్గర పైన చెప్పిన నాలుగు కాగితాల్లో ఏవి ఉన్నాయి? ఏవి లేవు? లేనివి ఎలా తెచ్చుకోవాలి?

(నాలుగో ప్రశ్నకు జవాబు: 54,000 రూపాయలు. ముందు మీరు లెక్క కట్టి, తరువాత సరిచూసుకోండి.)